అడ్డు తొలగించడం కారణమవుతుందా?

గాలిని నొక్కి సిలిండర్లలోకి పంపే సూపర్‌ఛార్జర్ ఉన్న ఇంజిన్‌కు ఇంటర్‌కూలర్ చేరిస్తే దాని బలం పెరుగుతుంది. ఇంటర్‌కూలర్ ఇంధనాన్ని మండించదు, గాలిని నెట్టదు, ఏ ఇరుసునూ తిప్పదు. గాలిలో ఉన్న వేడిని కొంత తీసేస్తుంది, అంతే. ఒకదాన్ని తీసేస్తే మరొకటి ఎలా పుడుతుంది? లేకపోవడం కూడా కారణమవుతుందా, లేక ఉన్న వస్తువుకే కారణత్వం చెల్లుతుందా? ఈ ప్రశ్న మీద న్యాయం, మీమాంస, సాంఖ్యయోగాలు, వేదాంతం అనే దర్శనాలు శతాబ్దాల పాటు వాదించుకున్నాయి. ఆ వాదాలను పరీక్షించడానికి ఈ యంత్రం చాలా అనువైనది. ఇందులో తీసేసినది ఎంతో, పెరిగినది ఎంతో రెండూ కొలతకు అందుతాయి.

గాలిని నొక్కితే వేడెక్కుతుంది. బయట 45 డిగ్రీల ఎండ ఉందనుకుంటే, కంప్రెసర్ సామర్థ్యం 70 శాతంగా తీసుకుని గాలి పీడనాన్ని రెట్టింపు చేసినప్పుడు ఆ గాలి దాదాపు 145 డిగ్రీలకు చేరుతుంది. వేడెక్కిన గాలి వ్యాకోచిస్తుంది. అందుకే పీడనం రెండింతలైనా సాంద్రత దాదాపు 1.52 రెట్లే అవుతుంది. అదే గాలిని సిలిండర్‌లోకి వెళ్లే ముందు 70 డిగ్రీలకు చల్లబరిస్తే సాంద్రత 1.85 రెట్లవుతుంది. కూలర్ కోర్ గుండా దూరేటప్పుడు పీడనం 3 శాతం పడిపోయిందనుకున్నా 1.8 రెట్లు మిగులుతుంది. అంటే అదే సిలిండర్‌లో 18 శాతం ఎక్కువ గాలి, అంత మేరకు ఎక్కువ ఆక్సిజన్. పెట్రోలు ఇంజిన్లలో ఇంకో లాభం ఉంది. వేడి గాలితో కలిసిన ఇంధనం తన సమయం రాకముందే భగ్గుమని నాకింగ్ మొదలవుతుంది, దాన్ని తప్పించడానికి స్పార్క్‌ను ఆలస్యం చేయాల్సి వస్తుంది. చల్లని గాలికి ఆ ఆలస్యం అంతగా అక్కర్లేదు.

అమెరికాలో రూట్స్ సోదరులు 1860లో పేటెంటు పొందిన రకం బ్లోయరును సూపర్‌ఛార్జర్‌గా వాడితే అది సాధారణంగా ఇంజిన్ పైన, సరిగ్గా సిలిండర్లకు గాలిని పంచే ఇన్‌టేక్ మానిఫోల్డ్ నెత్తిన కూర్చుంటుంది. బ్లోయరుకూ మానిఫోల్డ్‌కూ మధ్య గొట్టమే ఉండదు కాబట్టి కూలర్ పెట్టడానికి చోటు మానిఫోల్డ్ లోపలే వెతుక్కోవాలి. పైకప్పు కోసి, గోడల ఎత్తు పెంచి, నీళ్లు పారే కోర్‌ను మధ్యలో దింపి, అల్యూమినియం వెల్డింగ్ చేసి, గాస్కెట్ కూర్చునే ముఖాన్ని మళ్లీ చదును చేయాలి. ఆ నీళ్లకు వేరే పంపు, ముందు భాగంలో వేరే రేడియేటర్ కావాలి. ఇంత పనీ ఇంజిన్‌కు ఏదో ఇవ్వడానికి కాదు, దాని లోపలి నుంచి ఒకదాన్ని బయటికి పంపడానికే.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాలకు ఈ సంగతి కొత్తది కాదు. సికింద్రాబాద్–కాజీపేట లైను జనగామ మీదుగా, కాజీపేట–విజయవాడ లైను మహబూబాబాద్ మీదుగా పోతాయి. కాజీపేట డీజిల్ షెడ్డులో డబ్ల్యూడీఎం–2 ఇంజిన్లకు మరమ్మతులు జరిగేవి. అమెరికాలోని ఆల్కో కంపెనీ నుంచి 1962లో మొదట వచ్చి, 1964 నుంచి వారణాసిలో తయారైన ఈ ఇంజిన్ శక్తి 2,600 హార్స్‌పవర్. రైల్వే వాళ్లు టర్బో సూపర్‌ఛార్జర్ అని పిలిచే యంత్రం గాలిని నొక్కితే, దాని తర్వాత ఉండే ఆఫ్టర్‌కూలర్ ఆ గాలిని చల్లబరిచేది. అదే 16 సిలిండర్ల ఇంజిన్‌ను తర్వాత డబ్ల్యూడీఎం–3ఏ గా మార్చి 3,100 హార్స్‌పవర్‌కు పెంచారు. మెరుగైన టర్బో, పెద్ద ఆఫ్టర్‌కూలర్, ఎక్కువ ఇంధనం పంపే పంపులు ఆ మార్పులో ముఖ్యమైనవి. సిలిండర్ల సంఖ్య గానీ కొలతలు గానీ మారలేదు. భూపాలపల్లికి రైలు మార్గం లేదు గానీ బొగ్గు ఓపెన్‌కాస్టుల్లో తిరిగే భారీ డంపర్ల ఇంజిన్లలోనూ ఇదే పద్ధతి. పంచర్ షాపులో గాలిని రెండు దశల్లో నొక్కే రెండు సిలిండర్ల ఎయిర్ కంప్రెసర్‌ను గమనిస్తే, ఒక సిలిండర్ నుంచి రెండో దానికి పోయే గొట్టం మీద రెక్కలు కనిపిస్తాయి. ఆ గొట్టం చేసేది ఇంటర్‌కూలర్ పనే.

భూపాలపల్లి పక్కనే చెల్పూరులోని కాకతీయ థర్మల్ కేంద్రం ఇదే సూత్రాన్ని ఇంకా పెద్ద ఎత్తున చూపిస్తుంది. 500, 600 మెగావాట్ల రెండు యూనిట్లలోనూ టర్బైన్ తిప్పి వచ్చిన ఆవిరిని కండెన్సర్లో నీరుగా మార్చాలి. ఆ వేడిని తీసుకుపోయే నీళ్లు ఆగిపోతే బాయిలర్ కింద ఎంత బొగ్గు మండినా కరెంటు రాదు. వేడి ఉన్నంత మాత్రాన బలం పుట్టదనీ, ఆ వేడి దిగిపోవడానికి ఒక చల్లని చోటు కావాలనీ ఫ్రెంచి ఇంజనీరు సాడీ కార్నో 1824లోనే తేల్చాడు.

ఇక కారణం అంటే ఏమిటో చూడాలి. న్యాయదర్శనం ప్రకారం కార్యానికి ముందు తప్పనిసరిగా ఉంటూ, అక్కడ వృథాగా లేనిది కారణం. కుండకు ముందు కుమ్మరి తండ్రి ఉన్నాడు, మట్టి మోసిన గాడిద కూడా ఉంది. అవి కుండకు కారణాలు కావు. ఈ నియమాన్ని ఇంటర్‌కూలర్‌కు పెడితే వేడి లేకపోవడం గాడిద స్థానంలో ఉందా, మట్టి స్థానంలో ఉందా అని అడగాలి. కొలతే జవాబు చెబుతుంది. వేడి ఎంత తగ్గితే సిలిండర్‌లోకి గాలి అంత పెరుగుతోంది, వేడి తిరిగి వస్తే గాలి మళ్లీ తగ్గుతోంది. ఇంత క్రమంగా వెంట నడిచేదాన్ని వృథా అనడం కుదరదు.

ప్రాభాకర మీమాంసకులు దీన్ని మరో దారిలో వివరించేవారు. నిప్పు దగ్గర ఒక ప్రత్యేకమైన మణి ఉంచితే అది కాల్చదన్నది పూర్వపు తార్కికులు ఒప్పుకున్న ఉదాహరణ. నిప్పు అలాగే ఉంది, కాల్చడం మాత్రం లేదు. కాబట్టి నిప్పులో కంటికి కనపడని శక్తి అనే వేరే పదార్థం ఉందనీ, మణి ఆ శక్తిని నశింపజేసిందనీ, మణి తీసేస్తే శక్తి తిరిగి పుడుతుందనీ వాళ్ల వాదం. నైయాయికులు దీన్ని తిరస్కరించారు. ఉదయనుడు న్యాయకుసుమాంజలి మొదటి స్తబకంలో ఈ చర్చ చేశాడు. తర్కం చదివే ప్రతి విద్యార్థీ మొదట పట్టుకునే తర్కసంగ్రహం రాసిన అన్నంభట్టు, ఆంధ్రుడు, ఆ గ్రంథానికి తానే రాసుకున్న దీపిక చివర్లో దీనికి ముగింపు పలికాడు. అరచేయి నిప్పును తాకినా అడ్డు ఉన్నప్పుడు కాలడం లేదు కదా, అందుకని శక్తి అనే పదార్థాన్ని ఒప్పుకోవాలి కదా అన్న ప్రశ్నకు, ప్రతిబంధకం లేకపోవడం కూడా ప్రతి కార్యానికీ ఒక కారణమే కాబట్టి శక్తి అక్కర్లేదని ఆయన జవాబు. కారణాలన్నీ కూడిన సామగ్రిలో అడ్డు లేకపోవడం కూడా ఒక భాగం.

షెడ్డులో జరిగే పనికి ఈ రెండో వివరణే సరిపోతుంది. 2,600 నుంచి 3,100కు పెరిగిన ఇంజిన్లో కొత్త శక్తి ఏదో పుట్టిందని చెబితే ఫిట్టరు చేయగలిగింది ఏమీ ఉండదు. ఫలానా అడ్డు తొలగింది, దానితోపాటు ఫలానా పంపు మారింది అని చెబితే ఏ నట్టు విప్పాలో తెలుస్తుంది. వివరణ చేతికి పని చూపించాలి. ఆ విషయంలో అన్నంభట్టు వాదం మీమాంసకుల వాదం కంటే స్పష్టంగా మెరుగైనది.

అభావం, అంటే లేకపోవడం, అని ఊరికే అంటే చాలదు. ఎక్కడ లేదు, ఏది లేదు అని రెండూ చెప్పాలని న్యాయం పట్టుబడుతుంది. అభావానికి ఒక అధికరణం ఉంటుంది, ఒక ప్రతియోగి ఉంటుంది. ఇక్కడ అధికరణం మానిఫోల్డ్‌లోని గాలి, ప్రతియోగి వేడి. ఇది వేడి పూర్తిగా నశించడం కాదు. గాలి నుంచి కోర్‌లోని నీటికి, నీటి నుంచి రేడియేటర్‌కు, అక్కడి నుంచి బయటి గాలికి ఆ వేడి చేరింది. ఇక్కడ లేకపోవడం మరోచోట ఉండటంతో ముడిపడి ఉంది. అభావం శూన్యం కాదనడానికి ఇంతకంటే గట్టి సాక్ష్యం దొరకడం కష్టం. దానికి చోటు ఉంది, కొలత ఉంది, దాన్ని తెచ్చిపెట్టడానికి ఖర్చు కూడా ఉంది.

వైశేషికుల లెక్కలో గాలి స్పర్శ వేడీ కాదు, చల్లదనమూ కాదు. గాలిలో వేడి, అగ్ని తత్త్వమైన తేజస్సు కలిసినందువల్ల వచ్చినదే. అంతవరకు ఇంటర్‌కూలర్ వాళ్ల మాటను బలపరుస్తుంది. అయితే చల్లదనాన్ని వాళ్లు నీటికి చెందిన ప్రత్యేక గుణంగా లెక్కపెట్టారు. ఆ మాట నిజమైతే ఇంటర్‌కూలర్ గాలికి చల్లదనాన్ని ఇస్తున్నట్టే, అప్పుడు అభావం ప్రసక్తే రాదు. ఉష్ణగతిక శాస్త్రం చెప్పేది వేరు. చల్లదనం అనే విడి గుణం లేదు, ఉన్నదల్లా వేడి ఎక్కువో తక్కువో ఉండటమే. నైయాయికులు కూడా పంచుకున్న ఆ భౌతికం ఇక్కడ తప్పింది, వాళ్ల అభావవాదానికి మాత్రం ఆ తప్పు దిద్దిన తర్వాతే పూర్తి బలం వచ్చింది.

మణి ఉదాహరణకు నైయాయికులు చేర్చిన ఇంకో మెలిక ఉంది. అడ్డుపడే మణి పక్కన ఉత్తేజక మణి అనే రెండోదాన్ని ఉంచితే నిప్పు మళ్లీ కాలుస్తుందట. అడ్డు తొలగలేదు, కార్యం మాత్రం జరిగింది. అందుకని ఉత్తేజకం లేని ప్రతిబంధకం లేకపోవడమే కారణమని వాళ్లు నిర్వచనాన్ని సవరించారు. కేవలం వాదం నిలుపుకోవడానికి అల్లిన చమత్కారంలా కనిపించే ఈ సవరణకు ఇంజిన్లో అచ్చమైన రూపం దొరుకుతుంది. ఎక్కువ ఆక్టేన్ పెట్రోలు పోస్తే గాలి వేడి తగ్గకుండానే నాకింగ్ ఆగుతుంది. ప్రతిబంధకం అక్కడే ఉంది, దాని పని మాత్రం సాగడం లేదు. ఎక్కువ ఆక్టేన్ ఇంధనాన్ని ఉత్తేజకం అనడంలో ఏ అతిశయోక్తీ లేదు. అయితే అది నాకింగ్‌కే జవాబు. సాంద్రత తగ్గడానికి అది ఏమీ చేయలేదు. ఒకే వేడి రెండు వేర్వేరు కార్యాలకు రెండు రకాలుగా అడ్డుపడుతోంది కాబట్టి ఉత్తేజకాన్నీ ఏ కార్యానికి అని అడిగి లెక్కించాలి.

సాంఖ్యుల జవాబు వేరు. కార్యం కారణంలో ముందే ఉంటుంది, కొత్తగా పుట్టేది లేదు, బయటపడటమే ఉంది. దీన్ని యోగసూత్రాల నాలుగో పాదం రైతు ఉదాహరణతో వివరిస్తుంది. రైతు నీటిని చేతులతో తోయడు. గట్టు తెగ్గొడితే నీరు తనంత తానే పై మడి నుంచి కింది మడికి దిగుతుంది. మహబూబాబాద్ జిల్లా బయ్యారంలో కాకతి గణపతిదేవుని సోదరి మైలాంబ తవ్వించిన చెరువు కింద పొలం చేసేవారికి ఈ మాట విడమరిచి చెప్పక్కర్లేదు. తూము తెరవడం నీటిని పుట్టించడం కాదు.

ఈ ఉదాహరణ ఎంత అందమైనదైనా ఇంజిన్‌కు సగమే సరిపోతుంది. పెట్రోలు ఇంజిన్లో ఎక్కువ గాలి వస్తే దానికి తగిన ఇంధనాన్ని కూడా కలుపుతారు, అందుకే బలం వెంటనే పెరిగినట్టు కనిపిస్తుంది. డీజిల్ ఇంజిన్లో ఇంధనం పెంచకుండా గాలిని మాత్రమే చల్లబరిస్తే పొగ తగ్గుతుంది, ఎగ్జాస్టు వేడి తగ్గుతుంది, బలం మాత్రం పెద్దగా పెరగదు. కాజీపేట ఇంజిన్లకు ఆఫ్టర్‌కూలర్‌తో పాటు ఇంధన పంపులు కూడా మార్చాల్సి వచ్చింది అందుకే. అంటే అదనపు 500 హార్స్‌పవర్ పాత ఇంజిన్లో దాగి ఉండి తెర తీయగానే బయటపడలేదు. తెర తీయడం అవసరమే, అది ఒక్కటే చాలదు. ఈ విషయంలో సామగ్రి వాదానిదే పైచేయి.

ప్రతిబంధకం అనేది దాని స్వభావంలోనే ప్రతిబంధకం కాదని కూడా షెడ్డు నేర్పుతుంది. ఆఫ్టర్‌కూలర్లు చాలావాటిలో ఇంజిన్‌ను చల్లబరిచే నీళ్లే తిరుగుతాయి. బరువు లాగేటప్పుడు ఆ నీళ్లు గాలి కంటే చల్లగా ఉండి వేడిని లాక్కుంటాయి. బండి ఖాళీగా, తక్కువ బూస్టుతో నడిచేటప్పుడు నీళ్లే గాలి కంటే వేడిగా ఉంటాయి, కూలర్ అప్పుడు గాలిని వెచ్చబరుస్తుంది. చలికాలపు ఉదయం డీజిల్ సరిగ్గా అంటుకోవడానికి ఆ వెచ్చదనం మేలు చేస్తుంది, తెల్ల పొగను తగ్గిస్తుంది. నిండు బరువు మీద అడ్డైన వేడి, ఖాళీ బండికి కావలసిన వేడి ఒకటే. ఏ కార్యానికి అన్న ప్రశ్న లేకుండా దేన్నీ అడ్డు అని తీర్మానించకూడదు. అడ్డు తీసినవాడు ఇంకా ఒకటి గుర్తుంచుకోవాలి. వేడి గాలి ఇంజిన్ బలాన్ని తక్కువలో ఉంచి పిస్టన్లనూ హెడ్ గాస్కెట్‌నూ కూడా కాపాడుతూ ఉండవచ్చు. ఆ అడ్డు పోయాక తర్వాతి బలహీన భాగం మీద భారం పడుతుంది.

ఈ చర్చ మోక్షవిచారంలోకి కూడా నేరుగా పోతుంది. అద్వైతంలో మోక్షం ఏ కర్మ చేతా తయారయ్యేది కాదు. అవిద్య తొలగితే ఉన్నదే వ్యక్తమవుతుంది. న్యాయంలో అపవర్గమంటే దుఃఖం మళ్లీ రాకుండా పూర్తిగా లేకపోవడమే. జనగామ జిల్లా బమ్మెరకు చెందిన పోతన తెలుగు చేసిన భాగవతంలో గజేంద్రుడి కథ కూడా ఇటువైపే చూపుతుంది. ఏనుగుకు ఎక్కువ బలం ఇచ్చి మొసలిని గెలిపించడం అక్కడ జరగదు. విష్ణువు చక్రంతో మొసలి పట్టు తెగుతుంది. మొసలి పట్టు వదలకనే ఏనుగు నీళ్లలో ఉండిపోయింది. అనుగ్రహాన్ని ఇవ్వడంగా కాక తొలగించడంగా చూసే దృష్టి అది.

అయితే శంకరుడు ఒక హెచ్చరిక చేశాడు. అభావం నుంచి భావం పుట్టదని ఆయన పదేపదే చెప్పాడు. నిత్యకర్మ చేయకపోతే పాపం పుడుతుందన్న మీమాంసకుల మాటను తైత్తిరీయ భాష్యం ప్రారంభంలో ఆయన ఖండించాడు. చేయకపోవడం అనేది లేనిది, అది దేన్నీ పుట్టించలేదు. అది ముందున్న దుష్కర్మకు గుర్తు మాత్రమే అన్నది ఆయన సమాధానం. ఇంజిన్ విషయంలో ఈ అభ్యంతరం నిలవదు, ఎందుకంటే నైయాయికుడు అభావం ఒక్కటే కార్యాన్ని పుట్టిస్తుందని ఎప్పుడూ అనలేదు. గాలి, ఇంధనం, నిప్పు అన్నీ ఉండగా అడ్డు లేకపోవడం కూడా చేరాలన్నాడు. శంకరుడు కాదన్నది ఒంటరి అభావాన్ని. ఇద్దరూ మాట్లాడుతున్నది వేర్వేరు విషయాల గురించి.

చేయకపోవడం గురించి మాత్రం శంకరుడి ప్రశ్న బరువైనది, దాన్ని మానిఫోల్డ్ దగ్గరే చూడవచ్చు. కోర్ కారితే నీళ్లు మానిఫోల్డ్‌లోకి, అక్కడి నుంచి సిలిండర్‌లోకి చేరతాయి. నీరు నొక్కుకుపోదు. బండి మళ్లీ స్టార్ట్ చేసినప్పుడు పిస్టన్ ఆ నీటిని కొట్టి కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. రాడ్‌ను వంచింది నీరు, ఆ నీటిని ఆపగలిగేది ముందుగా చేయాల్సిన లీకు పరీక్ష. పరీక్ష చేయని ప్రతివాడూ కారణం కాదు, ఆ దారిన పోయేవాడు కూడా పరీక్ష చేయలేదు. చేయాల్సిన బాధ్యత ఉన్నవాడు చేయకపోవడమే లెక్కలోకి వస్తుంది. 1860 నాటి భారతీయ శిక్షాస్మృతి 32వ సెక్షన్ చేసిన పనిని సూచించే మాటలన్నీ చట్టవిరుద్ధంగా చేయకుండా విడిచిపెట్టిన పనికి కూడా వర్తిస్తాయని చెప్పింది. 2023 నాటి భారతీయ న్యాయ సంహితలోనూ ఆ నియమం కొనసాగింది. కర్తవ్యం ఉన్నచోట చేయకపోవడాన్ని కారణంగా లెక్కించాలనే న్యాయస్థానాల పద్ధతి, అభావానికి అధికరణం చెప్పమన్న తార్కికుల పద్ధతికి దగ్గరగా ఉంది.

చివరగా, లీకు లేదని ఎలా తెలుస్తుంది? లేనిదాన్ని తెలుసుకోవడానికి అనుపలబ్ధి అనే వేరే ప్రమాణం ఉందని భాట్ట మీమాంసకులూ అద్వైతులూ అన్నారు. కనపడకపోవడం తోడుగా ప్రత్యక్షమే చాలునని నైయాయికులు అన్నారు. ఒక షరతు మీద మాత్రం అందరిదీ ఒకే మాట: ఉంటే కనపడి తీరే పరిస్థితి ఉన్నప్పుడే కనపడకపోవడం సాక్ష్యమవుతుంది. చీకటి గదిలో కుండ కనపడలేదని కుండ లేదనలేం. పొడిగా బల్ల మీద పెట్టిన కోర్‌ను చూసి కారడం లేదనడం చీకటి గదిలో వెతకడమే. కోర్ ద్వారాలు మూసి, లోపలికి గాలి నొక్కి, నీళ్ల తొట్టిలో ముంచి చూడాలి. పగులు ఉంటే బుడగ రాక తప్పదు. బుడగ రాకపోతేనే లీకు లేదన్న మాటకు విలువ. సన్నని పగుళ్లు కొన్ని లోహం వేడెక్కి సాగినప్పుడే తెరుచుకుంటాయి కాబట్టి నడిచే వేడికి దగ్గరి వేడిలో కూడా ఈ పరీక్ష జరగాలి. చల్లని కోర్ మీద ఒక్కసారి చేసిన పరీక్ష చూపించేది ఆ చల్లదనంలో లీకు లేదన్న సంగతి ఒక్కటే.